పుస్తకం చదివి కట్టిన నౌకాదళాలు

యుద్ధం నేర్చుకోవాలంటే యుద్ధ చరిత్రలు చదవమని పెద్దలు చెప్పడం చాలా పాత అలవాటు. రోమన్ సేనాని లుకుల్లస్ ఆసియాకు ఓడలో వెళ్తూ దారి పొడుగునా చరిత్రలు చదివాడనీ, అనుభవజ్ఞులను అడిగి తెలుసుకున్నాడనీ, ఒడ్డున దిగేసరికి సేనాపతి అయిపోయాడనీ సిసిరో రాశాడు. అలెగ్జాండర్, హనిబాల్, సీజర్, గుస్తావస్ అడాల్ఫస్, ట్యురెన్, యూజీన్, ఫ్రెడరిక్‌ల దండయాత్రలను మళ్లీ మళ్లీ చదవమని నెపోలియన్ తన వారికి బోధించాడు. ఈ ఏడుగురిలో ఒక్కడూ నావికుడు కాడు. నావికుడి విద్య ఓడ మీద, గాలిలో, తాళ్ల మధ్య నేర్చుకునేదే తప్ప పుస్తకాల్లో దొరికేది కాదన్నది 19వ శతాబ్దం చివరి దాకా అన్ని దేశాల నౌకాదళాల్లోనూ ఉన్న నమ్మకం.

పుస్తకాలు అసలే లేవని కాదు. ఫ్రెంచి నౌకాసేనాని టూర్విల్ వెంట తిరిగిన పాల్ హోస్ట్ అనే జెసూట్ పాదిరి 1697లోనే నౌకా వ్యూహాల మీద పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. స్కాట్లండ్‌కు చెందిన జాన్ క్లార్క్ ఎన్నడూ నౌకాదళంలో పనిచేయకపోయినా, 1782లో సముద్ర యుద్ధ తంత్రం మీద వ్యాసం రాసి అడ్మిరల్‌ల చేత చదివించాడు. జమైకాలో న్యాయవాదిగా ఉన్న విలియం జేమ్స్ 1812 యుద్ధంలో అమెరికన్లకు చిక్కాడు. వాళ్లు తమ విజయాల గురించి చెప్పుకునే గొప్పలు విని ఒళ్లు మండి, తప్పించుకున్నాక బ్రిటిష్ నౌకా చరిత్రను సంపుటాలకు సంపుటాలు రాశాడు. ఏ ఓడకు ఎన్ని ఫిరంగులు, ఎందరు చచ్చారు అన్న లెక్కలకు ఆయన పుస్తకం ఇప్పటికీ ఆధారమే. అయితే సముద్రం మీద పట్టు వల్ల రాజ్యాల తలరాతలు ఎలా మారాయన్న ప్రశ్న వీళ్లెవరూ సూటిగా వేయలేదు. ఆ ప్రశ్న వేసిన పుస్తకం 1890లో బోస్టన్‌లో వెలువడింది. పేరు 'ది ఇన్‌ఫ్లుయెన్స్ ఆఫ్ సీ పవర్ అపాన్ హిస్టరీ'. దాని రచయిత ఆల్‌ఫ్రెడ్ థాయర్ మహాన్‌కు సముద్రమంటే పెద్దగా ఇష్టం లేదు.

మహాన్ 1840లో వెస్ట్ పాయింట్‌లో పుట్టాడు. తండ్రి అక్కడి సైనిక కళాశాలలో యుద్ధ విద్య బోధించిన ఆచార్యుడు. కొడుకు అమెరికన్ నౌకాదళంలో చేరి, అంతర్యుద్ధంలో దిగ్బంధన ఓడల మీద విసుగు పుట్టించే కాపలా కాశాడు. నలభై దాటేసరికి ఆయన పేరు మీద ఉన్నది ఒక్క చిన్న పుస్తకమే. దక్షిణ అమెరికా పశ్చిమ తీరంలో వచుసెట్ అనే పాత ఓడకు కెప్టెన్‌గా ఉండగా, 1884లో తోటి నౌకాదళ అధికారి స్టీఫెన్ లూస్ నుంచి ఉత్తరం అందింది. నౌకాదళ అధికారులకు ఓడ నడపడం కాకుండా యుద్ధం గురించి ఆలోచించడం నేర్పాలన్నది లూస్ పట్టుదల. న్యూపోర్ట్ దగ్గర ఒక దీవి మీద, అంతకుముందు పేదల శరణాలయంగా వాడిన భవనంలో ఆ ఏడాదే నేవల్ వార్ కాలేజీ మొదలైంది. అక్కడికొచ్చి నౌకా చరిత్ర చెప్పమని పిలుపు.

చెప్పడానికి మహాన్ దగ్గర సరుకు లేదు. ఓడ పెరూ తీరంలో ఆగి ఉన్న రోజుల్లో లిమా నగరంలోని ఇంగ్లిష్ క్లబ్బు గ్రంథాలయంలో కూర్చుని మొమ్‌సెన్ రాసిన రోమ్ చరిత్ర తిరగేశాడు. హనిబాల్ ఏనుగులను, సైన్యాన్ని వెంటబెట్టుకుని ఆల్ప్స్ మంచులో అన్ని కష్టాలు ఎందుకు పడ్డాడు? సముద్రం మీదుగా ఇటలీకి వెళ్లి ఉంటే? వెళ్లలేకపోయాడు, ఎందుకంటే సముద్రం రోమన్ల చేతిలో ఉంది. మొమ్‌సెన్ దీన్ని చూసీ చూడనట్టు దాటిపోయాడు. తన పుస్తకం మొత్తానికీ విత్తనం ఇక్కడే పడిందని మహాన్ తర్వాత రాసుకున్నాడు. ఆపైన న్యూయార్క్‌లో ఆస్టర్ లైబ్రరీలో నెలల తరబడి చదివి ఉపన్యాసాలు సిద్ధం చేశాడు. వాటిని పుస్తకంగా వేయడానికి ప్రచురణకర్తలు ముందుకు రాలేదు. చివరికి లిటిల్ బ్రౌన్ సంస్థ ఒప్పుకుంది.

పుస్తకంలో ఎక్కువ భాగం 1660 నుంచి 1783 దాకా ఇంగ్లండ్, హాలండ్, ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్య సాగిన యుద్ధాల కథనం. తెరచాపల కాలం నాటి ఆ వివరాలు ఓపిక ఉన్నవాళ్లకే. మొదటి అధ్యాయం మాత్రం వేరు. దేశం ఉన్న చోటు, తీరం తీరుతెన్నులు, భూభాగం విస్తీర్ణం, జనసంఖ్య, ప్రజల స్వభావం, ప్రభుత్వ స్వభావం అనే ఆరు అంశాల మీద ఒక దేశపు సముద్ర బలం ఆధారపడుతుందని అందులో సూత్రీకరించాడు. మిగతా పుస్తకం పూర్తయ్యాక, మామూలు పాఠకుడికి రుచి పుట్టించాలని చేర్చిన అధ్యాయం అది. చివర్లో అతికించిన ఆ భాగమే లోకం నోట నానింది.

నానడానికి కారణం సిఫారసు చేసినవాళ్లు. 1812 నౌకా యుద్ధంపై తానే ఒక పుస్తకం రాసిన థియోడర్ రూజ్‌వెల్ట్, మహాన్ గ్రంథాన్ని రెండు రోజుల్లో ముగించి 1890 మే నెలలో రచయితకు మెచ్చుకోలు ఉత్తరం రాశాడు. అక్టోబరులో అట్లాంటిక్ మంత్లీలో సమీక్ష రాశాడు. ఏడేళ్లకు నౌకాదళ శాఖలో సహాయ కార్యదర్శి, ఆపైన అధ్యక్షుడు అయ్యాక 16 యుద్ధనౌకలను భూమి చుట్టూ తిప్పి వచ్చేలా పంపాడు. జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ ఉత్సాహం ఇంకో మెట్టు పైన. ఆ పుస్తకాన్ని చదవడం కాదు, మింగేస్తున్నాననీ, కంఠతా పట్టడానికి ప్రయత్నిస్తున్నాననీ, తన ఓడలన్నింటిలోనూ అది ఉందనీ 1894లో ఒక అమెరికన్ మిత్రుడికి తంతి పంపాడు. 1898లో, 1900లో జర్మనీ నౌకాదళ చట్టాలు చేసి, బ్రిటన్‌తో పోటీపడి యుద్ధనౌకలు కట్టింది. బ్రిటన్ తన గొప్పను పరాయివాడు చెప్పాడని మురిసిపోయి, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల చేత మహాన్‌కు డాక్టరేట్లు ఇప్పించింది. సొంత దళంలోనేమో పుస్తకాలు రాయడం నౌకాదళ అధికారి పని కాదని పైవాళ్లు చిరచిరలాడి, 1893లో ఆయన్ని తిరిగి ఓడ ఎక్కించారు. ఆ ఓడ మీదే ఇంగ్లండ్ వెళ్లి సన్మానాలు అందుకున్నాడు.

జపాన్‌లో 1896లో అనువాదం వచ్చింది. తన రచనలు మరే భాషలోకన్నా ఎక్కువగా జపనీస్‌లోకే వెళ్లాయని మహాన్ తర్వాత చెప్పుకున్నాడు. అకియామా సనెయుకి అనే యువ అధికారి అమెరికా వచ్చినప్పుడు మహాన్‌ను కలిసి, ఏం చదవాలో చెప్పమని అడిగాడు. తన పుస్తకంతో సరిపెట్టుకోమనలేదు మహాన్. అన్ని కాలాల యుద్ధ చరిత్రలూ, నీటి మీదివే కాక నేల మీదివీ చదవమన్నాడు. అకియామా అలాగే చదివి, 1905 మే నెలలో సుషిమా దగ్గర రష్యన్ నౌకాదళాన్ని తుడిచిపెట్టిన అడ్మిరల్ టోగో పక్కన వ్యూహకర్తగా నిలిచాడు.

ఒక పుస్తకానికి ఇంత చలామణి దక్కినప్పుడు జరిగేదే దీనికీ జరిగింది. దళాలన్నీ దాని నుంచి ఒకే ముక్క తీసుకున్నాయి: భారీ యుద్ధనౌకలు కూడబెట్టు, శత్రువు ప్రధాన దళాన్ని ఒకే పోరులో దెబ్బతీయి. వర్తకపు ఓడలను వేటాడటం వల్ల యుద్ధం గెలవలేరన్నది మహాన్ మాటే. కానీ 1917 ఏప్రిల్ ఒక్క నెలలో జర్మన్ జలాంతర్గాములు సుమారు 8.6 లక్షల టన్నుల ఓడలను ముంచేశాయి. బ్రిటన్‌ను ఒడ్డున పడేసింది జట్లు కట్టి, కాపలాతో ఓడలను నడిపే కాన్వాయ్ పద్ధతి. అది దొంగ ఓడల వెంటపడటం కన్నా మేలైనదని ఇదే మహాన్ 1892లో వచ్చిన తన రెండో గ్రంథంలో రాశాడు. ఆ పేజీ దాకా వెళ్లినవాళ్లు తక్కువ. సుషిమా మత్తు వదలని జపాన్ కూడా ఒకే నిర్ణాయక పోరు కోసం నౌకాదళాన్ని పెంచుకుని, వర్తకపు ఓడల రక్షణను పక్కన పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిన జపాన్ వర్తక నౌకల్లో సగానికి పైగా అమెరికన్ జలాంతర్గాముల వాతే పడ్డాయి.

ఈ లోపాన్ని ముందే పట్టినవాడు జూలియన్ కార్బెట్ అనే ఆంగ్లేయుడు. 1911లో వచ్చిన ఆయన గ్రంథం, సముద్రంలో గెలుపు తనంతట తానే గమ్యం కాదనీ, మనుషులు బతికేది నేల మీద కాబట్టి నేల మీద ఏం జరగాలన్నదే లెక్క అనీ వాదించింది. కథ తక్కువ, తర్కం ఎక్కువ కావడంతో చక్రవర్తులెవరూ దాన్ని మింగలేదు. నౌకా చరిత్రలో ఒక్క సిద్ధాంత గ్రంథమే చదవగలిగిన వాళ్లకు మహాన్ కన్నా కార్బెట్‌నే చెప్పాలి. సేనాధిపతులు జాబితాలు ప్రకటించి చదివించే పద్ధతి చాలా తర్వాతిది. అమెరికన్ మెరైన్ దళంలో ఏ హోదా వాళ్లు ఏం చదవాలో చెబుతూ జనరల్ ఆల్‌ఫ్రెడ్ గ్రే 1989లో జాబితా పెట్టాడు. ఒకే పుస్తకం అందరి తలకెక్కే ప్రమాదం జాబితాలో కొంత తగ్గుతుంది.

మహాన్ గ్రంథంలో చక్రవర్తులు వదిలేసిన భాగాల్లో ఒకటి కోరమాండల్ తీరానిది. 1782-83లో ఫ్రెంచి సేనాని సుఫ్రెన్, బ్రిటిష్ అడ్మిరల్ హ్యూజ్ ఈ తీరంలోనూ సింహళం దగ్గరా ఐదు సార్లు తలపడ్డారు: సద్రాస్, ప్రొవిడియెన్, నాగపట్నం, ట్రింకోమలీ, కడలూరు. ఐదింటిలోనూ పెద్ద యుద్ధనౌక ఒక్కటీ ఎవరికీ చిక్కలేదు. మహాన్ ఆసక్తి ఫిరంగుల మీద కన్నా రేవుల మీద ఉంది. ఈ తీరమంతటా అప్పట్లో పెద్ద ఓడలు తలదాచుకునే రేవు లేదు. మద్రాసులోనూ ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసేవి. అక్కడి నుంచి మనుషులు, సరుకులు ఒడ్డు చేరాలంటే మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్లతో కుట్టిన మసూలా పడవలే దిక్కు. అలల దెబ్బకు మేకులు కొట్టిన పడవ పగిలిపోతే, కుట్టిన పడవ వంగి నిలబడేది. అక్టోబరు దాటితే ఈశాన్య రుతుపవనాలు. హ్యూజ్ ఓడలు బొంబాయి దాకా పోవలసిందే. సుఫ్రెన్‌కు ఆ వసతీ లేదు. విరిగిన తెరచాప స్తంభాలకు బదులు చిన్న ఓడలవి పీకి పెద్ద ఓడలకు బిగించాడు. 1782 ఆగస్టు చివర ట్రింకోమలీ రేవును పట్టాడు. హ్యూజ్ రెండు మూడు రోజులు ఆలస్యంగా వచ్చాడు. కడలూరులో సుఫ్రెన్‌ను కలిసిన ఫ్రెంచివాళ్ల మిత్రుడు హైదర్ అలీ ఆ డిసెంబరు 7న చిత్తూరు దగ్గర విడిదిలో చనిపోయాడు. చివరి పోరు 1783 జూన్ 20న జరిగింది. యూరప్‌లో జనవరిలోనే సంధి షరతులు కుదిరిన కబురు ఆ తర్వాత గానీ ఇక్కడికి చేరలేదు.

రేవు, రుతువు, ఆలస్యం అనే ఈ మూడింటినీ పట్టుకుని చదివితే తెలుగు తీరపు యుద్ధాలు కూడా వేరుగా కనిపిస్తాయి. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర గెలిచిన బ్రిటిష్ కర్నల్ ఫోర్డ్ 1759 ఏప్రిల్ 8న మచిలీపట్నం కోట పట్టాడు. ఫ్రెంచి సహాయక ఓడలు కొద్ది రోజులకే రేవు ముందుకు వచ్చాయి. అప్పటికే పని అయిపోయింది, ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ల చేజారాయి. 1804 సెప్టెంబరులో లినోయిస్ అనే ఫ్రెంచి సేనాని మూడు ఓడలతో విశాఖపట్నం రేవు మీద పడ్డాడు. బ్రిటిష్ ఓడ సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ అప్పుడు ఒడ్డున ఉన్నాడు. ఓడ ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ నీటిలోకి జరిగి, పెద్ద నౌకను దగ్గరకు రానీయకుండా బతికిపోయింది. పోరు నడుమ దొరికిన తెరిపిలో లిండ్ వెళ్లి ఓడ ఎక్కాడు. ఈ ఘట్టం విలియం జేమ్స్ సంపుటాల్లో వివరంగా ఉంది.

భారతదేశానికి మహాన్ ప్రశ్నను వేసినవాడు కె.ఎం. పణిక్కర్. కేరళలో నీళ్ల మధ్య ఉండే కావాలం ఆయన ఊరు, అప్పటి ఉద్యోగం మాత్రం ఎడారి సంస్థానం బికనేరులో. 1945లో వచ్చిన 'ఇండియా అండ్ ది ఇండియన్ ఓషన్' చిన్న పుస్తకమే. ఖైబర్ కనుమ వైపే చూస్తూ కూర్చున్న చరిత్రకారులు సముద్రాన్ని మరిచారనీ, 16వ శతాబ్దంలో నీళ్లు పోర్చుగీసువాళ్ల చేతికి పోయాకే నేల పోవడం మొదలైందనీ ఆయన వాదం. మొగలుల బలాన్ని ఈ వాదం తక్కువ చేస్తుంది. అయినా మొదట చదవదగినది ఇదే. దీని తర్వాత రియర్ అడ్మిరల్ కె. శ్రీధరన్ 1965లో ప్రచురించిన భారత నౌకా చరిత్ర చదివితే, పణిక్కర్ వదిలేసిన ఖాళీలు కొన్ని నిండుతాయి. మహాన్ గ్రంథం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని మొదటి అధ్యాయంతో కాక సుఫ్రెన్ అధ్యాయంతో మొదలుపెట్టడం మంచిది.

1971 యుద్ధానికి వచ్చేసరికి రాసినవాళ్లు స్వయంగా పాల్గొన్నవాళ్లే. విశాఖ కేంద్రంగా తూర్పు నౌకాదళాన్ని నడిపిన వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ 1980లో తన కథనం వెలువరించాడు. వైస్ అడ్మిరల్ హీరానందాని రాసిన నౌకాదళ చరిత్ర 2000లో వచ్చింది. విశాఖ బయట డిసెంబరు 3-4 రాత్రి మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ తెలుగువాళ్లకు 2017 నాటి సినిమా ద్వారానే ఎక్కువ తెలుసు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ ఛార్జీల వల్ల అది మునిగిందన్నది భారత కథనం. ప్రమాదవశాత్తూ లోపలే పేలుడు జరిగిందన్నది పాకిస్తాన్ కథనం. కృష్ణన్ పుస్తకం చదివేవాళ్లు రెండో వైపు రాతలనూ దగ్గర పెట్టుకోవడం అవసరం.