మోడెమునకు అల్పవిరామము

ఈ రజతోత్సవ సంచికకు చరిత్రవిషయమై నాలుగు మాటలు వ్రాయుమని కార్యదర్శిగారు కోరిరి. రాజుల చరిత్ర వ్రాయువారు పెక్కుమంది గలరు. నిన్నమొన్నటిదాక బల్లపై కూతపెట్టి నేడు మూలబడిన మోడెమును తలచువారు అరుదు గనుక దానినే చేపట్టితిని.

అమెరికాలోని కాన్సాస్ సిటీయందు ఆల్మన్ స్ట్రౌజరు అనునతడు శవసంస్కారపు ఏర్పాట్లుచేయు వ్యాపారి. తనకు రావలసిన పిలుపులను టెలిఫోను ఆపరేటరు పోటీదారునకు మళ్ళించుచున్నదని అతడు అనుమానించెనని చెప్పుదురు. ఆపరేటరు అక్కరలేని ఎక్స్ఛేంజికి అతనికి 1891లో పేటెంటు లభించెను. మరుసటి యేడు ఇండియానా రాష్ట్రమున లాపోర్టులో అట్టి ఎక్స్ఛేంజి నెలకొన్నది. పిమ్మట వచ్చిన చక్రపు టెలిఫోనులో 5 త్రిప్పినచో తీగలోని ప్రవాహము 5 మారులు తెగును. సున్నకు 10 మారులు.

ఆ చక్రము త్రిప్పు పనిని కంప్యూటరు చేతికిచ్చి ప్రసిద్ధికెక్కినది 1981 నాటి హేస్ స్మార్ట్‌మోడెము. దాని ఆజ్ఞలు దాదాపు అన్నియు ఏ, టీ అను అక్షరములతో మొదలగును. 'అవధానము' అని వాని భావము! మన అవధానులు సంతసింపవలసిన మాటయే. తరువాత డీ అనిన, సంఖ్యను పిలువుమని. పీ చేర్చిన తెగుళ్ళతో, టీ చేర్చిన స్వరములతో. సంఖ్యనడుమ అల్పవిరామము పెట్టినచో సాధారణముగా రెండు సెకనులు ఆగును.

ఆ విరామపు విలువ నాకు 1998లో తెలిసినది. అప్పుడు పట్టణమున ఒక కార్యాలయములో లెక్కలు వ్రాయుచుంటిని. అచటినుండి బయటి లైనుకు ముందు సున్న త్రిప్పవలెను. మోడెమును అమర్చినవాడు సున్న తరువాత విరామముంచలేదు. బయటి లైను అందకమునుపే యంత్రము తొందరపడగా, మొదటి అంకెలో కొన్ని తెగుళ్ళు పోయి అది వేరొక అంకెయైనది. స్వరము తప్పి త్వష్ట హోమము వృత్రునకే చేటైన కథ చదివియుంటిమి గదా! మోడెము స్పీకరులోనుండి ఒక ముసలమ్మ గొంతు వినవచ్చెను: "ఎవరు నాయనా? మాట్లాడవేం?" బదులు లేకపోగా యంత్రము లైను వదలి మరల పిలిచెను. మరల అదే గొంతు. గదిలోనివారు నవ్విరి. నాలుగవమారు నేను రిసీవరు ఎత్తి క్షమింపుమంటిని. "ఊరినుంచి మా అబ్బాయేమో అని ప్రతిసారీ లేచి వచ్చాను బాబూ" అనెను ఆమె.

అప్పటికప్పుడు అల్పవిరామము చేర్పించితిని. యంత్రము సున్న త్రిప్పి, రెండు సెకనులాగి, సరియైన చోటికి పోయి కూతపెట్టెను. ఆ అబ్బాయి ఫోను చేసెనో లేదో.