గోడమీదికి రాని బొమ్మలు

శంషాబాద్ విమానాశ్రయంలో దిగిన స్నేహితురాలు ప్యారిస్ నుంచి నాకో పోస్టుకార్డు తెచ్చింది. ఓర్సే మ్యూజియంలోని ‘ఊయల’. బెర్త్ మోరిసో 1872లో వేసిన చిత్రం. నిద్రపోతున్న పాపను చూస్తూ కూర్చున్న ఆ తల్లి, చిత్రకారిణి అక్క ఎడ్మా. అక్కచెల్లెళ్లిద్దరూ కలిసే బొమ్మలు నేర్చుకున్నారు. 1869లో పెళ్లయ్యాక ఎడ్మా కుంచె పక్కన పెట్టేసింది. బెర్త్ 1874లో ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శనలో పాల్గొంది. అందులో ఆమె ఒక్కతే స్త్రీ. ప్యారిస్ ప్రభుత్వ కళాశాల బోజార్ ఆడపిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టింది 1897లో. అప్పటికి ఆమె చనిపోయి రెండేళ్లయింది.

మర్నాడు ఇద్దరం సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాం. యూరప్ చిత్రాల గదుల్లో ఇలాంటి బొమ్మ ఒక్కటైనా ఉంటుందేమోనని వెతికాం. కనిపించలేదు. ఆ లేకపోవడం వెనక ఒక కథ ఉంది.

1936 డిసెంబరులో అమృతా షేర్‌గిల్ తన చిత్రాలతో హైదరాబాదు వచ్చింది. అప్పటికామెకు 23 ఏళ్లు. మోరిసోకి తలుపు తెరవని ఆ బోజార్‌లోనే చదువుకుంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ తన సేకరణ చూపించి ఎలా ఉందని అడిగారు. లైటన్, వాట్స్‌ల బొమ్మలు కొనుక్కున్నవారికి సెజాన్, వాన్‌గోల గొప్పదనం ఎలా తెలుస్తుందని ఆమె మొహంమీదే అడిగేసింది. కొందామని అట్టిపెట్టుకున్న ఆమె చిత్రాల్ని నవాబు తిప్పి పంపేశారు.

ఆడమనిషి కాబట్టే పంపేశారని నేననను. ఆయనకు ఆ తరహా చిత్రాలే రుచించకపోయి ఉండొచ్చు. కానీ అడిగితే నిజం చెప్పిన ఆడదాని బొమ్మలు ఆ ఇంటి గోడమీదికి రాలేదు. 1941లో, 28 ఏళ్లకే ఆమె చనిపోయింది. 1951లో ఆ సేకరణే మ్యూజియం అయింది. ఒక ఇంటి అభిరుచి మన తరాలకు చిత్రకళలో మొదటి పాఠమైంది.

కింద జనమంతా ‘మేలిముసుగు రెబెక్కా’ చుట్టూ మూగారు. 1876లో మొదటి సాలార్‌జంగ్ ఇటలీ నుంచి కొనితెచ్చిన పాలరాతి బొమ్మ. రాతిలో అంత పల్చటి ముసుగు ఎలా చెక్కారా అని మేమూ నోరు తెరుచుకుని చూశాం. మాటాడని ఆడదానికి ఇక్కడ చోటు దొరికింది.

మ్యూజియంలో ఏముందో చూసొచ్చేటప్పుడు, దాని గుమ్మందాకా వచ్చి వెనక్కి పోయినవేమిటో కూడా అడగాలి మనం. ఎడ్మా వెయ్యని బొమ్మలదీ ఆ లెక్కే.