రక్తంలో వ్రాసిన వంశచరిత్ర

ఉగాదినాడు పంచాంగం వింటాము. సిద్ధాంతిగారు గ్రహగతులను గుణించి, భాగించి, రాబోయే ఏటి ఆదాయవ్యయాలు చదివి వినిపిస్తారు. లెక్క కట్టి ముందున్న మంచిచెడ్డలు తెలుసుకోవాలన్న కోరిక మనకు కొత్తది కాదు. ఈ వ్యాసంలో చెప్పబోయేది కూడా ఒక లెక్క సంగతే. అయితే ఇది ఆకాశంలోని గ్రహాల లెక్క కాదు, మన ఒంటి రక్తపు లెక్క. తెలుగుదేశం విడిచి ఈ తమిళసీమలో తరతరాలుగా స్థిరపడిన మనవారికి దీనితో దగ్గరి సంబంధం ఉన్నది.

ఆపరేషనుకు ముందు మత్తు ఇచ్చే డాక్టరు కొందరు రోగులను "మీరు వైశ్యులా?" అని అడగడం కద్దు. ఆ మాట విన్నవారికి కొంచెం కష్టం తోస్తుంది. ప్రాణం కోసం ఆసుపత్రికి వస్తే ఇక్కడ కూడా కులప్రసక్తి యేమిటని నొచ్చుకునేవారు ఉంటారు. నొచ్చుకోవలసిన పని లేదు. ఆ ప్రశ్న ఎక్కువ తక్కువల కోసం పుట్టినది కాదు. అది ఒక మందును గురించిన ప్రశ్న. దాని వెనుక డెబ్బది యేండ్ల వైద్యచరిత్రా, రెండు వేల యేండ్లకు పైబడిన మన సంఘచరిత్రా ఉన్నవి.

ఆ మందు పేరు సక్సినైల్ కోలిన్. శస్త్రచికిత్సకు రోగి నిద్రపోతే చాలదు, కండరాలు కూడా సడలాలి. అప్పుడే శ్వాసనాళంలోకి గొట్టం సులువుగా దిగుతుంది. ఈ మందును 1906లోనే అమెరికాలో రీడ్ హంట్ అనే శాస్త్రజ్ఞుడు తన సహచరునితో కలిసి పరీక్షించాడు. కాని వారి పరీక్షలో జంతువులకు ముందుగానే క్యూరారే అనే విషం ఎక్కించి కండరాలను స్తంభింపజేసి ఉంచారు. అందుచేత ఈ మందు కూడా అదే పని చేస్తుందన్న సంగతి వారి కంటబడలేదు. 1949లో డానియేల్ బోవే దానిని బయటపెట్టాడు. 1951 నుండి యూరపు ఆసుపత్రులలో అది వాడుకలోకి వచ్చింది.

ఈ మందు గొప్పతనమంతా దాని అల్పాయుష్షులో ఉన్నది. నరంలోకి ఎక్కించిన నిమిషంలోపల పని చేస్తుంది, కొద్ది నిమిషాలలో దిగిపోతుంది. కారణమేమంటే, రక్తంలో బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే కిణ్వం ఒకటి ఉన్నది. అది ఈ మందును ఎప్పటికప్పుడు విరగగొట్టి నాశనం చేస్తుంది. ఆ కిణ్వం లేనివాని ఒంట్లో మందు అలాగే నిలిచిపోతుంది. నిమిషాలలో కదలవలసిన కండరాలు గంటల తరబడి కదలవు. ఊపిరి తీసే కండరాలు కూడా వానిలోనివే గనుక రోగి తనంతట ఊపిరి పీల్చలేడు. యంత్రంతో ఊపిరి పోస్తూ ఓపికగా కనిపెట్టుకొని ఉంటే మందు మెల్లగా దిగి మనిషి తేరుకుంటాడు. సంగతి తెలియక గొట్టం ముందుగా తీసివేస్తే ప్రాణానికే ముప్పు.

మందు వాడుకలోకి వచ్చిన మరుసటి యేడే, 1952లో, ఇంగ్లండులో హెర్మన్ లేమన్ మొదలైనవారు ఈ ఆలస్యానికీ కిణ్వం కొరతకూ ఉన్న సంబంధాన్ని ప్రకటించారు. ఈ లేమన్ పేరు మన ప్రాంతానికి కొత్తది కాదు. అదే 1952లో ఆయన మేరీ కట్‌బుష్‌తో కలిసి, మన పొరుగున ఉన్న నీలగిరి కొండజాతులలో సికిల్ సెల్ లక్షణం ఉన్నదని లోకానికి చాటాడు. 1956లో ఆయనే, ఈ కిణ్వం కొరత కుటుంబాలలో తరాల వెంబడి వస్తుందని చూపాడు. 1957లో కెనడాలోని టొరాంటోలో వెర్నర్ కాలో దీనికొక రక్తపరీక్ష కల్పించాడు. డిబుకైన్ అనే మందు మామూలు కిణ్వపు పనిని నూటికి సుమారు ఎనభై పాళ్ళు ఆపుతుంది, తేడా గల కిణ్వాన్ని ఇరవై పాళ్ళే ఆపగలుగుతుంది. తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే లోపం వచ్చినవారిలో ఆ అంకె అరవై దగ్గర ఉంటుంది. మందు ఒకటే అయినా మనిషికీ మనిషికీ ఫలితం వేరు కావడానికి పుట్టుకలోనే కారణం ఉండవచ్చునని వైద్యులు నేర్చుకున్న తొలి పాఠాలలో ఇది ఒకటి.

ఇక మనవారి సంగతికి వద్దాము. ఈ కిణ్వం బొత్తిగా పని చేయనివారు వైశ్యులలో ఇతరులకంటే చాలా ఎక్కువమంది ఉన్నారని మన దేశపు వైద్యులు గమనించారు. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయంలో భూపతిగారు, ఇలమారన్ మనోహరన్‌గారు మొదలైనవారు విదేశీ పరిశోధకులతో కలిసి వైశ్యులలోని ఈ లోపానికి మూలం వెదికి 2006లో ప్రకటించారు. కిణ్వం అనేది అమైనో ఆమ్లాలను పూసలవలె గుచ్చిన దండ. ఆ దండలో 307వ పూస ల్యూసిన్ కావలసి ఉండగా, దాని స్థానంలో ప్రోలిన్ వచ్చి చేరింది. ఒక్క పూస మారితే దండ మడత చెడింది, కిణ్వం పనికిరాకుండా పోయింది.

లోపం ఎక్కడున్నదో తెలిసింది. కాని ఇంతమందిలో అదే లోపం ఎందుకు వచ్చింది? ఇది వైద్యుని ప్రశ్న కాదు, చరిత్రకారుని ప్రశ్న. దీనికి శాసనాలు లేవు, తాళపత్రాలు లేవు. సాక్ష్యమంతా రక్తంలోనే ఉన్నది. దానిని చదవడానికి మాత్రం కంప్యూటరు రావలసివచ్చింది.

మానవుని డి.ఎన్.ఏ.లో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉన్నవి. వానిని వరుసగా చదివే మహాప్రయత్నం 1990లో మొదలై 2003లో ముగిసింది. ఆ తరువాత హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలో లాల్జీ సింగ్‌గారు, తంగరాజ్‌గారు అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో చేయి కలిపారు. మన దేశంలోని 25 సముదాయాలకు చెందిన 132 మంది రక్తంలో, ఒక్కొక్కరి వద్ద సుమారు 5 లక్షల 60 వేల స్థానాలు పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ వైశ్యులు ఆ సముదాయాలలో ఒకరు. లెక్కలు కట్టినవారిలో నిక్ పాటర్సన్ అనే గణితజ్ఞుడు ముఖ్యుడు. ఆయన పూర్వం ఇంగ్లండు ప్రభుత్వం తరఫున రహస్యలిపులు విప్పే పనిలో ఉండినవాడు.

ఈ లెక్క ఎట్టిదో పొలం పంపకంతో పోల్చి చెప్పవచ్చును. తాతగారి పదెకరాల చేను కొడుకులు పంచుకుంటే ముక్కలవుతుంది, మనుమలు పంచుకుంటే ఇంకా చిన్న మళ్ళవుతుంది. ఒక మడి కొలత చూచి, ఎన్ని పంపకాలు జరిగినవో ఊహించవచ్చును. డి.ఎన్.ఏ. కూడా తరం మారినప్పుడల్లా తెగి, మళ్ళీ అతుక్కుంటుంది. ఇద్దరు మనుష్యులలో ఒకే మాదిరిగా ఉన్న ముక్క పొడుగుగా ఉంటే వారి ఉమ్మడి పూర్వీకుడు దగ్గరివాడు, పొట్టిగా ఉంటే దూరపువాడు. ఇది నోటిలెక్కతో తేలేది కాదు. 2,800 మందిని ఇద్దరిద్దరుగా పోల్చదలచుకుంటే 39 లక్షలకు పైగా జతలవుతవి. ఒక్కొక్క జతకూ లక్షల స్థానాలు సరిచూడాలి. మనిషి ఆయుర్దాయం చాలని పనిని కంప్యూటరు చక్కబెడుతుంది.

ఆ లెక్కవల్ల తేలినది ఇది. నేటి వైశ్యులు లక్షల సంఖ్యలో ఉన్నా, రెండు మూడు వేల యేండ్ల క్రిందట వారి మూలపురుషులు చాలా కొద్దిమందే. ఆ కొద్దిమందిలో ఎవరివద్దనో ఉన్న లోపం, సంతతి పెరిగినకొద్దీ తానూ పెరిగింది. అప్పటినుండి వారు బయటివారితో దాదాపు వియ్యమందలేదు. తరానికి నూటికి ఒకరు చొప్పున బయటివారు కలిసి ఉన్నా ఆ పాత గుర్తు ఈపాటికి చెరిగిపోయి ఉండేదని రైక్ వ్రాశాడు. కులాల కట్టుబాటు ఇంతగా బిగిసినది ఆంగ్లేయుల పాలనలోనే అని వాదించే చరిత్రకారులు ఉన్నారు. కనీసం ఈ ఒక్క సముదాయం విషయంలో ఆ వాదం నిలవదు. అట్లని కులం అనాదిగా ఉన్నదని కూడా చెప్పరాదు. దేశమంతటా భిన్నజనాలు విరివిగా కలిసిపోయిన కాలం ఒకటి ఉన్నదనీ, అది సుమారు 1,900 యేండ్ల క్రిందటివరకు సాగిందనీ అదే పరిశోధకుల బృందం 2013లో చూపింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పెనుగొండలో 714 గోత్రాలవారు ఉండగా 102 గోత్రాలవారు మాత్రమే కట్టుబాటుకు నిలిచారన్న ఐతిహ్యం మనకు తెలిసినదే. ఆ కథను ఈ లెక్కతో ముడిపెట్టాలని మనస్సు ఉబలాటపడుతుంది. కాని ఆ కథ చాళుక్యుల కాలానిదని చెబుతారు, కంప్యూటరు చూపే కాలం దానికి వెయ్యేండ్లకు పైగా ముందటిది. రెండింటినీ వేరువేరుగా ఉంచడమే న్యాయం.

మేనరికాలే దీనికంతకూ కారణమని కొందరు అనుకుంటారు. అదీ సరి కాదు. మేనరికంలో దగ్గరి చుట్టరికం దోషాన్ని కలుపుతుంది. ఇక్కడ మాత్రం ఎన్నడూ ముఖం చూచుకొనని దూరపు ఊళ్ళవారికి సంబంధం కుదిర్చినా, వారిద్దరూ ఆ కొద్దిమంది మూలపురుషుల సంతతే. చుట్టరికం మరచిపోయాము గాని అది పోలేదు. నాయకరాజుల కాలంలో వచ్చి ఈ సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, సంబంధాలు తమలో తాము కలుపుకొంటూనే వచ్చినవి. మన భాష నిలవడానికి అది తోడ్పడింది. ఆ కట్టుబాటే ఈ గుర్తునుకూడా నిలిపి ఉంచింది.

ఇది ఒక్క వైశ్యుల కథ కాదు. 2017లో అదే బృందం 2,800 మందికి పైగా పరీక్షించి, దక్షిణాసియాలోని 263 సముదాయాలలో 81 సముదాయాలకు ఇట్టి ఇరుకు పుట్టుక ఉన్నదని తేల్చింది. అందులో 14 సముదాయాలు పదేసి లక్షలకు మించిన జనం కలవి. వైశ్యులలో ఈ కిణ్వలోపం ఇతరులలోకంటే సుమారు నూరు రెట్లు అధికమని ఆ వ్యాసం పేర్కొన్నది. ఇట్టి సముదాయాలలో ఒక్కొక్కదానికీ దాని ప్రత్యేకమైన లోపం ఏదో ఉండవచ్చును. అది తెలిస్తే ముందుజాగ్రత్త సాధ్యమే. భారతదేశంలో 10,000 మంది డి.ఎన్.ఏ. పూర్తిగా చదివే పని 2024లో ముగియడం ఈ దారిలో పెద్ద అడుగు.

యూదుల అనుభవం మనకు ఆదర్శం. వారిలో టే-సాక్స్ అనే వ్యాధి పసిపిల్లలను పొట్టనపెట్టుకునేది. 1971 నుండి అమెరికాలో వారి సంఘాలూ, దేవాలయాలూ పూనుకొని రక్తపరీక్షలు చేయించినవి. ఆ వ్యాధితో పుట్టే పిల్లలు వారిలో నేడు చాలా అరుదు. మన సంగతి దానికంటే తేలిక. కిణ్వం లేనివాడు నూరేండ్లు సుఖంగా బ్రతుకుతాడు. ఆ మందు, దానివంటి మివాక్యూరియం, ఇవి తగిలినప్పుడే చిక్కు. ఇందుకోసం పెండ్లిండ్లు మానుకోనక్కరలేదు. వేరు మందులు ఉన్నవి, సాధారణమైన రక్తపరీక్ష కూడా ఉన్నది.

కావున మన బాధ్యత చిన్నది. ఇంట్లో ఎవరికైనా ఆపరేషను తరువాత ఊపిరి ఆలస్యంగా వచ్చిందని పెద్దలు చెప్పుకొనే మాట ఉంటే, దానిని కాగితంమీద వ్రాసి ఉంచండి. తోబుట్టువులకు చెప్పండి, రక్తపరీక్ష చేయించండి. డాక్టరు అడిగినప్పుడు దాచకుండా చెప్పండి, అడగకపోతే మీరే చెప్పండి. వైశ్యులు కానివారిలోనూ ఈ లోపం అరుదుగా ఉండవచ్చును గనుక ఈ మాట అందరికీ వర్తిస్తుంది. మన సంఘాలు ఉగాదికి పాటకచ్చేరీతోపాటు ఒక పూట రక్తపరీక్షల శిబిరం కూడా పెట్టగలిగితే అంతకన్న మంచి పని లేదు.

పెద్దలు మనకు భాష ఇచ్చారు, ఇంటిపేరు ఇచ్చారు, గోత్రం ఇచ్చారు. వానితోపాటు ఈ చిన్న లోపాన్ని కూడా, తమకు తెలియకుండానే, ఇచ్చి వెళ్ళారు. వారికి తెలియనిది మనకు తెలిసింది. తెలిసినదానిని పిల్లలకు చెప్పి వెళ్ళడమే మనం చేయవలసినది.