మార్గము, దేశి, మన ముంగిలి

నాట్యమన్నచో మన విద్యావంతుల ఇండ్లలో రెండు పేరులే వినబడును: కూచిపూడి, భరతనాట్యము. తక్కినదంతయు జానపదమను ఒక్క మూటలో కట్టి అటకపై పెట్టితిమి. ఈ విభజన మన పూర్వులు చేసినది కాదు.

కాకతీయ గణపతిదేవుని గజసాహిణియైన జాయపసేనాని 1253-54 ప్రాంతమున సంస్కృతమున నృత్తరత్నావళిని రచించెను. ఎనిమిది అధ్యాయములలో మొదటి నాలుగు మార్గమునకు, తక్కిన నాలుగు దేశికి. భరతశాస్త్రమెరిగిన ఏనుగుల దళాధిపతి సగము గ్రంథమును జనుల ఆటలకు కేటాయించుటకు సంకోచింపలేదు. పేరణి, రాసకము, దండరాసకము, చిందు, గొండలి మున్నగువాని లక్షణములను వివరించినాడు. దండరాసకమనగా మన కోలాటమే. బడిపిల్లలచే దానిని కవాతువలె చేయించు ఉపాధ్యాయులీ సంగతి ఎరిగిన బాగుండును! ఇక గొండలి కథ మరియు వింతయైనది. కల్యాణకటకమున ఒక ఉత్సవములో భిల్లస్త్రీ వేషముతో ఆడిన యువతిని చూచి చాళుక్య సోమేశ్వరుడు ముగ్ధుడై ఆ ఆటకు ఆ పేరుంచెనట. అడవి ఆట కొలువెక్కుటకు అడ్డు చెప్పినవారు లేరు.

పేరణికి మన కాలమున అదృష్టము పట్టినది. నటరాజ రామకృష్ణగారు (1923-2011) ఈ గ్రంథమును, 1213 నాటి రామప్పగుడి శిల్పములను ముందుంచుకొని దానిని పునరుద్ధరించిరి. చిందునకట్టి భాగ్యము కలుగలేదు. జాయప చెప్పిన చిందును, నేటి చిందు భాగవతమును ఒక్కటేయని మేము వాదింపము. కాని పేరైనను ఒక్కటే కదా! తెలంగాణ పల్లెలలో చిందువారు మాదిగవాడలలో జాంబపురాణమును, యక్షగానములను తెల్లవార్లు ఆడుదురు. వంశపారంపర్యముగా తమకు హక్కున్న ఊళ్లలో త్యాగము పుచ్చుకొందురు. కూచిపూడి భాగవతమున పురుషులే స్త్రీపాత్రలు ధరించిన కాలమున చిందుమేళములలో స్త్రీలు రంగమెక్కి ఆడిరి. 2005లో కీర్తిశేషురాలైన చిందుల ఎల్లమ్మ అట్టి నటి. స్త్రీస్వాతంత్ర్యమును గూర్చి ఉపన్యసించిన సంస్కర్తలలో ఎందరు ఆ వాడకు పోయి ఆమె ఆట చూచిరి? అడ్డము వచ్చినది కళ కాదు, కులము.

ఫ్రాన్సులోని బ్రిటనీ సీమను చూడుడు. అచ్చటి రైతులు పొలముపనుల వేళలలో రాత్రులు గుమిగూడి చేతులు పట్టుకొని ఆడెడివారు. ఒకరు పాడగా, వేరొకరు ఆ చరణపు చివరి అక్షరములనందుకొని తిరిగి పాడుదురు. మన బతుకమ్మలో ఒకతె ఎత్తుకొనగా తక్కినవారు అందుకొనునట్లే. బడులలో వారి బ్రెటన్ భాష అణచివేయబడినది, ఆటయు సన్నగిల్లినది. 1950ల నుండి దానిని మరల నిలబెట్టుకొనిరి. 2012లో యునెస్కో ఆ రాత్రిపండుగను మానవజాతి వారసత్వముగా గుర్తించినది. అచ్చట ప్రేక్షకుడు కుర్చీలో కూర్చుండడు; తానును వలయములో కలియును.

ఉర్దూయే పైచదువుల భాషయైన నిజాము కాలమున, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు బాలికలకు తెలుగు పాఠశాల నెలకొల్పిరి. నారాయణగూడలో ఆయన పేర బడి ఉన్నది. భాషకొరకు అంత పట్టుదల చూపిన పేటలివి. 1966లో వెలసిన త్యాగరాయ గానసభ చిక్కడపల్లిలో ఉన్నది. అశోక్‌నగరు దాని పొరుగే. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ ప్రకటించినపుడు పత్రికలలో చదివి మనమందరము సంతోషించితిమి. ఇక అట్టి మేళమును పిలుచునపుడు సభ నడుమ పది నిమిషముల వేడుకగా కాక, పూర్తి కథ ఆడుటకు వలసినంత రాత్రిని, ఆ రాత్రికి తగిన సంభావనను ఇత్తుమా? మన ఆడపిల్లలను వెంటబెట్టుకొని పోయి తెల్లవారువరకు కూర్చుందుమా?