అతుకుల బండి

యంత్రముల చరిత్ర వ్రాయువారు సామాన్యముగా వాని పుట్టుకను గూర్చియే వ్రాయుదురు. ఏ యంత్రమును ఎవరు కనిపెట్టిరి, ఏ సంవత్సరమున ఏ కర్మాగారము వెలసినది, మొదటి బండి ఏనాడు వీథిలోనికి వచ్చినది - ఇవి పుస్తకములలో దొరకును. పుట్టిన బండి ఆ పిమ్మట ముప్పది నలువది ఏండ్లు ఎట్లు బ్రదికినదో, దానిని ఎవరు బ్రదికించిరో చెప్పు పుస్తకములు అరుదు. మన దేశమున మోటారు బండి కథలో అధికభాగము ఈ రెండవ అధ్యాయమే. కర్మాగారము ఒక్కసారి చేసిన పనిని పెరటిలో గోనెపట్టా మీద పరుండి మనుష్యులు పలుమారులు తిరిగి చేసిరి. చచ్చిన బండ్ల అవయవములు తెచ్చి బ్రదికియున్న బండ్లకు అతికిరి.

ఈ పనికి నేడు ‘జుగాడ్’ అను హిందీ మాట దేశమంతట వ్యాపించినది. అది భారతీయుల సహజప్రతిభ అని మురియువారును గలరు. నాకీ పొగడ్త రుచింపదు. అవసరము ఎక్కడ నుండి వచ్చినదో చెప్పకుండ ప్రతిభను మాత్రము మెచ్చుకొనుట, కరవు కాలమున ఆకులలములు వండి పిల్లల కడుపు నింపిన ఇల్లాలిని పాకశాస్త్ర ప్రవీణ యని సన్మానించుట వంటిది. ముందుగా ఆ కరవు సంగతి విచారింతము.

స్వాతంత్ర్యమునకు పూర్వము మన వీథులలో తిరిగిన బండ్లలో చాలభాగము పరదేశములందు పుట్టినవి. అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ సంస్థ 1928లో బొంబాయి నగరమున శివ్రీలో కర్మాగారము పెట్టి, ఓడలలో వచ్చిన భాగములను కూర్చి షెవ్రొలె బండ్లు అమ్మసాగెను. ఫోర్డు సంస్థయు ఆ కాలముననే ఇచ్చట కాలూనెను. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినది. 1942లో అమెరికాలో పౌరులకొరకు కార్లు చేయుటయే నిలిచిపోయినది. ఇచ్చట పెట్రోలునకు పరిమితి విధింపబడినది. బండి వెనుక కుంపటి వంటి గొట్టము కట్టి, బొగ్గుగాలితో నడిపిన దినములవి. కొత్త బండి లేదు, కొత్త భాగము లేదు. ఉన్నదానినే మరల మరల సరిచేసికొనవలెను. ఇంటి మరమ్మతు అనునది మన దేశమున విస్తృతముగా అలవడినది ఈ యుద్ధకాలముననే యని నా యభిప్రాయము.

యుద్ధము ముగియగానే పరిస్థితి తలక్రిందులైనది. విల్లిస్, ఫోర్డు కర్మాగారములు కలిసి యుద్ధకాలమున ఆరు లక్షలకు పైగా జీపులు చేసినవి. వానిలో బర్మా, అస్సాము రంగములకు వచ్చినవి ఎన్నియో ఇచ్చటనే మిగిలిపోయినవి. జీపులు, లారీలు, మోటారు సైకిళ్లు మిగులు సామగ్రిగా వేలమునకు వచ్చినవి. బెంగాలులోని పానాగఢ్‌లో ఆనాడు సైనిక వాహనముల గిడ్డంగి యుండెను. పాతబండ్ల బజారుగా ఆ యూరికి పేరు నిలిచిపోయినది. ఢిల్లీలో హార్లీ డేవిడ్‌సన్ సైనిక మోటారు సైకిళ్ల వెనుక బల్లలు కట్టి, దేశవిభజన పిమ్మట వచ్చిన వారు ‘ఫట్‌ఫటీ’లుగా నడిపిరి. అవి 1990ల చివరి వరకును ఆ వీథులలో చప్పుడు చేసినవి. వేలములో తక్కువ వెలకు వచ్చిన వస్తువు మనుష్యునకు ధైర్యమిచ్చును. కొత్త బండిని విప్పుటకు చేయి వణకును గాని, తూకము మీద కొన్న బండిని విప్పుటకు భయమేల?

మూడవ మలుపు శాంతికాలమున వచ్చినది. నా దృష్టిలో అదియే అన్నిటికంటె ముఖ్యమైనది. 1953లో సుంకముల సంఘము మోటారు పరిశ్రమను గూర్చి నివేదిక సమర్పించెను. విడిభాగములను తెచ్చి కూర్చుటతో తృప్తిపడక, దేశములోనే బండ్లను తయారుచేయు సంకల్పము గల సంస్థలకే ఇచ్చట స్థానమని ప్రభుత్వము నిర్ణయించెను. 1954 నాటికి ఫోర్డు, జనరల్ మోటార్స్ రెండును తమ పని చాలించుకొనెను. స్వయంపోషణము కోరిన దేశమునకు ఆ నిర్ణయము అవసరమే కావచ్చును. దానిని నేను తప్పుపట్టను. కాని ఒక్క కలముపోటుతో వేలకొలది షెవ్రొలెలు, ఫోర్డులు అనాథలైనవి. 1957 ప్రాంతమున విదేశ మారకద్రవ్యము కరవై దిగుమతులు మరింత బిగిసినవి. ఇచ్చట పుట్టిన బండ్లా, వేళ్ల మీద లెక్కింపదగినన్ని. ఉత్తరపాడాలో తయారైన అంబాసిడరు, బొంబాయిలో తయారైన ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డు హెరాల్డు. డబ్బు చేత పట్టుకొన్నను కొత్త స్కూటరునకు ఏండ్ల తరబడి ఎదురుచూడవలసిన కాలమది. ఉన్న బండిని పారవేయుట ఎవరికిని తోచని పని.

ఇక పెరటిలోనికి పోదము. బయటివారికి ఈ మరమ్మతు సుత్తితో కొట్టి పట్టించుటగా కనబడును. నిజమునకు ఇది కొలతల విద్య. ఒక్క మర సంగతి తీసికొందము. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అను యంత్రశిల్పి 1841లో మరచుట్లకు ఒక ప్రమాణము ప్రతిపాదించెను. దానిలో చుట్టు కోణము 55 డిగ్రీలు. ఐరోపా ఖండమున మిల్లీమీటర్ల లెక్క. కోణము 60 డిగ్రీలు. 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా దేశములు కూడి ఒక ఉమ్మడి ప్రమాణము నంగీకరించినవి. కోణము 60 డిగ్రీలే గాని లెక్క అంగుళములది. ఈ మూడును మన వీథులలో ఒకేకాలమున తిరిగినవి. 5/16 అంగుళపు బోల్టు బ్రిటిషు సన్నమరలో అంగుళమునకు 22 చుట్లు గలదై యుండును. ఉమ్మడి సన్నమరలో 24. ఈ రెండింటి ప్రక్కన ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు నుంచినచో కంటికి భేదము తెలియదు. ఒకదాని నట్టు వేఱొకదాని మీద రెండు చుట్లు హాయిగా పోవును. ఆ పిమ్మట బిగియును. తెలియనివాడు అక్కడ బలము చూపును. మర తెగును, ఇంజను దిమ్మ పాడగును.

వీనికి తోడు పాత మారిస్ ఇంజన్ల చిక్కొకటి. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఫ్రాన్సునకు చెందిన హాచ్‌కిస్ అను తుపాకుల సంస్థ ఇంగ్లండులోని కావెంట్రీకి తన యంత్రములతో వచ్చినది. యుద్ధానంతరము అది మారిస్ సంస్థకు ఇంజన్లు చేసిపెట్టెను. 1923లో మారిస్ ఆ కర్మాగారమునే కొనివేసెను. ఆ యంత్రములు మిల్లీమీటర్ల మరలే కోయగలవు. ఆంగ్లేయుల చేతిలోని పానాలు మాత్రము అంగుళములవి. కావున మర మిల్లీమీటర్లలోను, బోల్టు తల అంగుళపు పానాకు సరిపోవునట్లును చేసిరి. తలను జూచి మరను ఊహించినవాడు మోసపోవును. అచ్చమైన ఇంగ్లీషు బండి యని నమ్మి, అంగుళపు నట్టు కొరకు బజారంతయు గాలించి, చివరకు ఏ ఫియట్ బండి నుండి రాలిన నట్టో సరిపోగా ఆశ్చర్యపడినవారు మన దేశమున ఉండకపోరు. ఫ్రెంచి తుపాకుల సంగతి వారికి ఎవరును చెప్పలేదు. వారి వ్రేళ్లు మాత్రము దానిని గ్రహించినవి.

కవాటములను నూరుట మరియొక పని. ఇంజను తల విప్పి, మసి గీకి, కవాటపు అంచునకు కురుందపు ముద్ద పూసి, పుల్లను రెండు అరచేతుల నడుమ కవ్వమువలె ఇటునటు త్రిప్పవలెను. అంచు చుట్టును ఒకే బూడిదరంగు రేఖ ఏర్పడువరకు త్రిప్పవలెను. తరువాత పైనుండి కిరసనాయిలు పోసి, ఒక్క చుక్కయైన కారునో లేదో చూచెదరు. సెలవునాడు ఉదయమున మొదలుపెట్టిన యీ పనికి ఇంటిలోని పిల్లలే సహాయకులు. మందపు కాగితమును ఇంజను అంచుమీద పరచి, సుత్తి గుండుతో మెల్లగా తట్టుచు పోయినచో అంచువెంబడి గ్యాస్కెట్టు తానే తెగివచ్చును. రేడియేటరు కారినచో వంటింటి నుండి పసుపు వచ్చును. అది నీటిలో ఉబ్బి సన్నని బీటను మూయును. పెట్రోలు తొట్టి కారినచో బట్టల సబ్బు. అది నీటిలో కరగునే గాని పెట్రోలులో కరగదు. ఇవి ఊరు చేరువరకు పనికివచ్చు ఉపాయములు మాత్రమే. వీనిని మరమ్మతు అనుకొన్నవాడు తన బండినే కాక ఎదుటివానిని గూడ ప్రమాదమున పడవేయును.

భాగములు ఎక్కడివి? కలకత్తాలో మల్లిక్ బజారు, మద్రాసులో పుదుప్పేట, ఢిల్లీలో మాయాపురి, మీరట్‌లో సోతీగంజ్ - ఈ పేర్లు మోటారువారికి తీర్థముల పేర్ల వంటివి. ఒక బండి అక్కడ చేరిన కొద్దిసేపటికి ఇంజను ఒక దుకాణమునకు, తలుపులు ఒకదానికి, కమానులు ఇంకొకదానికి పంచుకొనబడును. కాని ఈ తీర్థములకు చీకటి వైపును ఉన్నది. ముసలి బండి చచ్చువరకు ఎవరు ఎదురుచూచెదరు? దొంగిలింపబడిన బండ్లును అచ్చటికే చేరెను. సోతీగంజ్ బజారును 2021 డిసెంబరులో పోలీసులు మూయించిరి. నిజాయితీగా తన బండిని బ్రదికించుకొన్న గృహస్థుడు, తన చేతిలోని భాగము ఎవరి కన్నీటితో తడిసినదో అడిగి యుండడు. అడిగినను బజారు చెప్పదు.

ఈ జీవనమును సాహిత్యము పట్టించుకొనకపోలేదు. బెంగాలీలో సుబోధ్ ఘోష్ 1940లో ‘అజాంత్రిక్’ అను కథ వ్రాసెను. ఋత్విక్ ఘటక్ దానిని 1958లో చలనచిత్రముగా తీసెను. ఛోటానాగపూర్ ప్రాంతమున బిమల్ అను ఒంటరివాడు తన పాత టాక్సీకి జగద్దల్ అని పేరుపెట్టి, దానితో మాటలాడుచు, దాని దాహము తీర్చుచు బ్రదుకును. చలనచిత్రములో అది 1920 నాటి షెవ్రొలె. బిమల్ తన కూడబెట్టిన సొమ్మంతయు వెచ్చించి కొత్తభాగములు తెచ్చి బిగించును. అయినను బండి మొండికెత్తును. చివరకు పాత ఇనుము వర్తకునకు అమ్మవలసివచ్చును. విమర్శకులు దీనిని మనుష్యునకును యంత్రమునకును గల ప్రేమగాథగా చదివిరి. అది నిజమే. అయితే శివ్రీలోని కర్మాగారము 1954లో మూతపడినదని తెలిసి చూచువానికి ఆ చిత్రములో మరొక దుఃఖము గూడ కనబడును: అది సొంతవారెవరును దేశమున మిగులని బండి.

ప్రమాదముల మాట చెప్పకున్న ఈ చరిత్ర అబద్ధమగును. ఇంజను చెడినచో బండి నిలిచిపోవును. బ్రేకు చెడినచో నిలువదు. పాత బ్రేకు రబ్బరును కడిగి తిరిగి వేసినవాడు మరునాడు తన బిడ్డలనే ఆ బండిలో బడికి తీసికొనిపోయెను. ఉత్తరదేశపు పల్లెలలో రైతులు నీటిపంపు ఇంజనును బల్లబండికి బిగించి చేసికొన్న ‘జుగాడ్’ బండ్లకు రిజిస్ట్రేషను లేదు, బీమా లేదు; అవి గుద్ది చంపినచో మృతుని కుటుంబమునకు పరిహారము దొరకు దారి లేదు. అట్టివియు చట్టము దృష్టిలో మోటారు వాహనములే యని సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పెను. 2019 జనవరిలో ఇంకొక తీర్పున, తయారీదారు నిర్దేశించిన స్వరూపమునకు భిన్నముగా బండిని మార్చరాదనెను. ఈ తీర్పులను పేదవాని నేర్పుపై దండయాత్రగా వర్ణించువారితో నేను ఏకీభవింపను. కొలత పాటించిన మరమ్మతు వేఱు, కొలతను ఎగవేసిన మరమ్మతు వేఱు. నేర్పుగల మేస్త్రీకి ఈ భేదము అందరికంటె బాగుగా తెలియును. కాని ఆతడు కాగితము మీద ఏమియు వ్రాసిపెట్టలేదు. ఆతని శిష్యుడును వ్రాయలేదు. చూచి నేర్చిన విద్య అది. ఎవరు కొలత పాటించిరో, ఎవరు ఎగవేసిరో నిర్ణయించుటకు చట్టమునకు ఆధారము లేకపోయినది.

ఆ విద్య క్షీణించుటకు చట్టము ఒక్కటే కారణము కాదు. కార్బ్యురేటరు పోయి దాని స్థానమున విద్యుత్పరికరములతో నడచు ఇంధన వ్యవస్థ వచ్చినది. బండిలోని దోషమును చెవితో విని గాక తెరమీద చదివి తెలిసికొనవలసివచ్చినది. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. పాత ఇండ్లలో నేటికిని అటకమీద తుప్పుపట్టిన రేకు పెట్టె దొరకును. దానిలో అంగుళపు పానాలు, మిల్లీమీటర్ల పానాలు కలగలిసి యుండును. వానిలో ఒకదాని మీద ఎవరో రంగు పూసి గుర్తు పెట్టియుందురు. ఏ బండికొరకు ఆ గుర్తు పెట్టబడినదో ఇంటివారిని అడిగినచో, చెప్పగలిగినవారు లేరని తెలియును.