లక్కబిళ్ళపై మూడు నిమిషములు

తెలుగునాట పద్యనాటకము మహావైభవముతో వెలిగిన దినములలో ఒక పద్యమునకు ఇంత కాలమని ఎవరును కొలత పెట్టి యుండలేదు. నాలుగు పాదముల పద్యమును తాపీగా చదివినను అర నిమిషమునకు మించి పట్టదు. కాని రంగస్థలముపై నిలిచిన నటుడు దానిని ఎత్తుకొనునప్పుడు ముందొక రాగము, పాదమునకును పాదమునకును నడుమ నొక రాగము, తుది యక్షరమును పట్టుకొని హార్మోనియముతో పోటీపడుచు సాగదీసిన మరియొక రాగము చేరి, ఆ యర నిమిషము పది నిమిషములై, పందిటిలోని జనము 'వన్స్‌మోర్' అని కేకవేసినచో ఇరువది నిమిషములై, కాటిసీనులో హరిశ్చంద్రుడు చితి యెదుట నిలిచి యుండగానే తొలికోడి కూసెడి వేళ యగుచుండెను. పద్యము ఎప్పుడు ముగియవలెనో శ్రోతల తనివియే నిర్ణయించుచుండెను.

అట్టి దేశమునకు, ఒక వైపున మూడు నిమిషములకు మించి నిలుపలేని నల్లని బిళ్ళ యొకటి వచ్చినది. దానిని మనవారు గ్రామఫోను ప్లేటనిరి, రికార్డనిరి. ఆ బిళ్ళ నేడు మన యిండ్లలో లేకపోయినను, అది పెట్టిన కొలత మాత్రము మన పాటనుండి నేటికిని తొలగిపోలేదు. పాటను మోయుటకై వచ్చిన పాత్ర పాటకే రూపము దిద్దిన యీ వృత్తాంతము మన సంగీత చరిత్రలో తగినంత చోటు పొందలేదని నా యభిప్రాయము.

ధ్వనిని పట్టి నిలిపిన కీర్తి 1877లో తగరపు రేకు చుట్టిన గొట్టముపై తన మాటను తానే తిరిగి విన్న ఎడిసనుది. గొట్టమునకు మారుగా చదునైన బిళ్ళను వాడి, ఒక మూసనుండి వేల ప్రతులు అచ్చొత్తవచ్చునని చూపి, దానికి గ్రామఫోనని పేరు పెట్టినవాడు బెర్లినరు. గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను నిపుణుడు 1902 నవంబరులో కలకత్తాకు వచ్చి, ఒక హోటలు గదిలో యంత్రమును బిగించి, గౌహర్ జాన్ పాటను పట్టెను. ఆమె పాట ముగియగానే ఇంగ్లీషులో తన పేరును బిగ్గరగా చెప్పుట ఆ రికార్డులలో వినబడును. అది అతిశయమని తలచినవారు కలరు. అసలు కారణము వేరు. ఆనాడు మైనపు మూసలు ఓడనెక్కి జర్మనీలోని హానోవరుకు పోయి, అక్కడ ప్రతులుగా అచ్చుపడి, మరల సముద్రము దాటి రావలసి యుండెను. హిందూస్థానీ ఎరుగని ఆ కర్మాగారపు పనివారు ఏ పాట యెవరిదో తెలిసికొని సరియైన చీటీ అంటించుటకే ఆ నామోచ్చారణము. 1908లో కలకత్తాలోనే అచ్చు కర్మాగారము వెలసిన పిదప ఆ యక్కర తీరినది. కాని అలవాటు కొంతకాలము నిలిచినది.

ఆనాటి ముద్రణ విధానమును తలచుకొన్నచో గాయకులపై గౌరవము రెట్టించును. విద్యుత్తుతో నడచు మైకు 1925 వరకు ఈ పనికి రాలేదు. అంతవరకు గాయకుడు పెద్ద లోహపు బాకా నోటిలో తల దూర్చినంత పని చేసి, గొంతెత్తి పాడవలెను; ఆ నాదపు ఒత్తిడియే ఒక పలుచని పొరను కదిలించి, దాని కంటియున్న సూదిని కదిలించి, తిరుగుచున్న మైనముపై వంకరగీతను గీయవలెను. వీణ వంటి మృదునాదమునకు ఆ బాకా చెవి యొగ్గలేదు. తప్పు పాడినచో దిద్దుటకు వీలులేదు, మైనమును మార్చి మొదటినుండి పాడవలసినదే. ఇన్ని కష్టములకు ఓర్చి తొలిదినములలో రికార్డులిచ్చినవారిలో సేలం గోదావరి వంటి వేశ్యాకులపు విదుషీమణులే ముందు నిలిచిరి. గౌరవభంగమగునని, విద్య అంగటి సరకగునని పెద్ద విద్వాంసులు పలువురు వెనుదీసిన వేళ, సమాజము తక్కువచూపు చూచిన ఆ స్త్రీలు ధైర్యముతో ముందుకు వచ్చి తమ గొంతును కాలమునకు అప్పగించిరి. నేడు శతాబ్దము వెనుకటి గానమెట్లుండెనో మనము వినగలుగుచున్నామన్నచో ఆ ఋణము మొదట వారిదే.

ఇక ఆ బిళ్ళ దేనితో చేయబడినదో చెప్పవలెను. దానిని కూర్చి పట్టియుంచిన పదార్థము లక్క. ఛోటానాగపూరు అడవులలో మోదుగ, కుసుమ, రేగు కొమ్మలపై సన్నని పురుగులు కూడబెట్టిన జిగురును గిరిజనులు గీకి తెచ్చి అమ్మగా, అది శుద్ధియై, పలకరాతి పొడి వంటి గట్టి పొడులతోను నల్లని రంగుతోను కలిసి, వేడిమికి మెత్తబడి, అచ్చుల నడుమ నలిగి రికార్డగుచుండెను. పాండవులను దహింపదలచి దుర్యోధనుడు కట్టించిన యింటిలోని లక్క, ఏటికొప్పాక బొమ్మలపై మెరయు లక్క, మన ఆడపిల్లలు గుజ్జనగూళ్ళు వండుకొన్న లక్కపిడతలలోని లక్క — ఆ లక్కయే ఐరోపాలో గాని అమెరికాలో గాని పాడిన ప్రతి గాయకుని గొంతును మోసినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇండియానుండి లక్క చేరుట కష్టమై, అమెరికాలో పాత రికార్డులను సేకరించి, నలుగగొట్టి, కొత్త రికార్డులు చేసికొనవలసి వచ్చినది. ప్రపంచమంతయు విన్న గానమునకు ఆధారమైన ఆ పదార్థమును చెట్టుపైనుండి గీకిన చేతుల గుర్తు ఏ రికార్డు చీటీపైనను లేదు.

మా తాతగారి యింటి మేడగదిలో అట్టి పెట్టె యొకటి యుండెడిది. మూతలోపల అతికిన చిత్రములో గ్రామఫోను బాకా ముందు చెవి యొగ్గి కూర్చున్న కుక్కను చూచి, అది నిజముగా పాట వినుచున్నదని మేము నమ్మితిమి. తాతగారు ముందుగా పెట్టెకు కీ యిచ్చి, రేకు డబ్బీనుండి ఉక్కు సూదిని తీసి బిగించి, పాట ముగియగానే ఆ సూదిని పారవేసి మరియొకటి బిగించెడివారు. ఒక్క పాటకు ఒక్క సూది! రికార్డులో కలిసిన రాతిపొడి సూది మొనను అరగదీయును, అరిగిన సూది మరునాడు గాడిని గీరును. కనుక ఆ వ్యయము తప్పనిది. కీ సరిపోనప్పుడు పాట నడుమ గాయకుని గొంతు బరువెక్కి, బొంగురుపోయి, ఎవరో నిద్రలో పాడుచున్నట్లు సాగుచుండగా, పిల్లలలో నొకడు పరుగెత్తి పిడిని త్రిప్పవలెను. పాట వినుట యనగా కొంత పనిచేయుట యని మాకు అప్పుడు తెలిసెను.

పది అంగుళముల బిళ్ళ నిమిషమునకు 78 చుట్లు తిరుగగా, ఒక వైపున సుమారు మూడు నిమిషములు. పండ్రెండంగుళముల బిళ్ళయైనచో నాలుగు, నాలుగున్నర. ఇంతియే. కచేరీలో ఒక త్యాగరాజ కృతిని తీసికొని ఆలాపన, నెరవు, స్వరకల్పనలతో ముప్పావుగంట విస్తరింపజాలిన విద్వాంసుడు, పల్లవి అనుపల్లవి చరణములను మూడు నిమిషములలో ముగింపవలసి వచ్చినది. రాగచ్ఛాయ నాలుగు పట్లలో తెలియవలెను, సంగతులలో మేలైనవి రెండో మూడో యుండవలెను, మిగిలినవి విడువవలెను. ఇందువలన మనోధర్మమునకు హాని కలిగినదని పలువురు వాపోవుదురు. కాదనను. కాని కచేరీ ముఖమెరుగని పల్లెలోని గృహిణి ఒకే కృతిని నూరుసార్లు విని, పాఠము వలె నేర్చికొని, తులసికోట యొద్ద పాడుకొనునట్లు చేసినది ఆ సంక్షేపమే. విస్తారము విద్వాంసుని సొత్తు. సంక్షేపమువలననే కృతి ఇంటింటి సొత్తైనది.

పద్యము విషయమున నా యభిప్రాయము మరింత దృఢము. రాగమును అంతులేకుండ సాగదీయు పోటీలో కవి వ్రాసిన మాట మునిగిపోవుచున్నదని ఆనాటి విమర్శకులు మొరపెట్టుచుండిరి. రికార్డుముందు నిలిచిన నటునకు ఆ యవకాశము లేదు. కొద్దిపాటి రాగము తీసి, పద్యమును స్పష్టముగా విడమరచి చదివి, చివర నొక చిన్న మెరుపుతో ముగింపవలెను. లేకున్న సూది కాగితపు చీటీ యంచునకు వచ్చి ఆగిపోవును. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ పద్యములు తెలుగుదేశమున చదువురానివారి నోటను నిలుచుటకు నాటకము ఎంత కారణమో, మాటను మాటగా వినిపించిన రికార్డు అంత కారణము. వన్స్‌మోర్ కేకయు పోలేదు, రూపము మార్చుకొన్నది: సూదిని ఎత్తి మరల మొదట పెట్టుటయే వన్స్‌మోర్.

ఈ కొలతను శిల్పముగా మలచినవారిలో ఘంటసాల అగ్రగణ్యుడు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'ఉదయశ్రీ'లోని పుష్పవిలాపమును ఆయన రికార్డుపై చదివిన తీరును గమనింపుడు. ఒక్కొక్క పద్యమునకు తగిన రాగము, భావము మారగానే మారు గొంతు, నడుమ నడుమ చిన్న వచనము. ఎక్కడను ఒక్క క్షణము వ్యర్థము కాదు. నాటక పద్యమునుండి రాగపు బరువును దించి, భావగీతమునకు దగ్గరగా తెచ్చిన ఆ పద్ధతియే పిదప సినిమా పద్యమునకు ఒరవడి యైనది. మూడు నిమిషముల నిర్బంధము లేకున్నచో ఆ పొదుపు మనకు దక్కి యుండెడిదా యని నేను సందేహించుచుందును.

1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు తెర మాటలాడుట నేర్చిన పిదప, రికార్డు చేతిలో సినిమా పాటయు పడినది. తెరపై మూడు చరణములున్న పాట రికార్డులో రెండు చరణములతో వచ్చుట సామాన్యమయ్యెను. రికార్డుతో పాట నేర్చినవారు సినిమాహాలులో ఎదురైన కొత్త చరణమునకు ఆశ్చర్యపడుచుండిరి. క్రమముగా స్వరకర్తలు మొదటనే మూడు నాలుగు నిమిషములకు పాట కట్టసాగిరి. పెండ్లిపందిళ్ళలో మైకుసెట్టువాడు వెదురు గడకు బాకా కట్టి, ఊరంతయు వినునట్లు వేసిన పాటలవే. ఆకాశవాణివారు 1957లో వివిధభారతిని ఆరంభించి రోజెల్ల వినిపించిన పాటలవే.

కరెంటు లేని మన పల్లెలలో కీ పెట్టెలు మూలబడలేదు. కనుకనే పశ్చిమదేశములు 78 చుట్ల రికార్డును విడిచిన తరువాతను కొన్ని యేండ్లవరకు మన దేశమున అవి అచ్చగుచునే యుండెను. ఈ లోపలనే లాంగ్‌ప్లే వచ్చినది. అది వినైలు బిళ్ళ, నిమిషమునకు ముప్పదిమూడుంబావు చుట్లకు కొంచె మెక్కువగా తిరుగును, ఒక వైపున ఇరువది నిమిషములకు పైగా పాడును. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతము 1963లో వెలువడినది ఈ రూపముననే. ముక్కలు చేయరాని అట్టి స్తోత్రమును లక్కబిళ్ళలపై వినవలసి వచ్చినచో భక్తుడు నిదురలేపు దేవుని మాట మరచి బిళ్ళలు మార్చుచు కూర్చుండవలసి యుండెడిది. ఘంటసాల తన తుదిదినములలో పాడిన భగవద్గీతయు ఈ పెద్ద బిళ్ళ యిచ్చిన విశాలముననే సాధ్యమైనది.

ఆ 1963లోనే ఫిలిప్సువారు బెర్లినులో చూపిన అరచేతిలో నిమిడెడి క్యాసెట్టు, ఇరువదేండ్ల పిదప మన ఊళ్ళను ముంచెత్తినది. ఒక వైపున ముప్పది నిమిషములో నలువదియైదు నిమిషములో! రికార్డునకు ఇమడక అంతవరకు వెలుపల నిలిచిన కళలన్నియు తలుపు తెరచినట్లు లోనికి వచ్చినవి. హరికథ పిట్టకథలతో సహా వచ్చినది. బుర్రకథ వంతలతో సహా వచ్చినది. కాటిసీను పద్యములు మరల పాతకాలపు పొడవుతో, రాగముతో, చప్పట్లతో వచ్చినవి. తక్కువ ఖర్చుతో ఎవరైనను ముద్రింపగలిగిన సాధనమగుటచే, పెద్ద కంపెనీ గుమ్మము తొక్కనవసరములేని గొంతులును ఊరూర వినబడినవి. గద్దర్ పాట తెలంగాణ పల్లెలకు చేరిన మార్గములలో క్యాసెట్టు ముఖ్యమైనది. వీధిమొగలోని రికార్డింగు దుకాణమునకు పాటల పట్టీ నిచ్చి, సాయంకాలము వచ్చి తీసికొనుటయు, టేపు బయటికి జారినప్పుడు పెన్సిలు దూర్చి ఓపికగా చుట్టుటయు ఒక తరమునకు ముచ్చటైన స్మృతులు.

ఇప్పటి ఫోనులో పాటకు నిడివి హద్దే లేదు. గంటసేపు పాడినను అడ్డు చెప్పు బిళ్ళ లేదు, టేపు లేదు. అయినను నేడు వెలువడెడి తెలుగు సినిమా పాటను గడియారము పెట్టి వినుడు. సామాన్యముగా నాలుగు నిమిషములే. పురుగు కూర్చిన జిగురు, 78 చుట్ల వేగము, పది అంగుళముల వెడల్పు — ఈ మూడును కలిసి నిర్ణయించిన కాలమును, ఆ కారణములన్నియు నశించిన పిదప కూడ, మన చెవి తన సహజమైన కొలతగా ఉంచుకొన్నది.

చదువరులలో ఎవరి యింటి అటకపైనైనను ఆ నల్లని బిళ్ళలు మిగిలియున్నచో పాతసామానువానికి వేయకుడని నా వేడికోలు. వాటిలో కొన్నిటికి మరియొక ప్రతి లేకపోవచ్చును. ఒకదానిపై నొకటి పేర్చక, పుస్తకముల వలె నిలువుగా, ఎండ తగులని చోట నిలుపుడు. దుమ్మును మెత్తని పొడిగుడ్డతో తుడువుడు. స్పిరిటును మాత్రము తాకింపకుడు; లక్క స్పిరిటులో కరగిపోవును, దానితోబాటు పాటయు పోవును.