ప్రశ్నలో పలికే స్వరం: చైనాలో ఇంగ్లీషు అభ్యసన చరిత్ర

పరిచయం

ఒక చైనా విద్యార్థి ఇంగ్లీషులో ‘ఆర్ యు కమింగ్?’ అని అడిగాడనుకోండి. చివర స్వరం గట్టిగా దిగిపోతే వినేవారికి అది ప్రశ్నలా కాక ఆజ్ఞలా తోచవచ్చు. ‘ఇతనికి మర్యాద తెలియదు’ అనే నిర్ణయానికి కూడా వారు రావచ్చు. ఈ నిర్ణయం న్యాయమైనదేనా? ఈ భాగం చదివిన తరువాత మీరు దీనికి సమాధానం చెప్పగలుగుతారు.

వాక్యం పలికేటప్పుడు స్వరం లేవడం, దిగడం వల్ల కలిగే భావభేదాన్ని కాకుస్వరం అంటారు. స్వరం మారితే మాట అర్థమే మారిపోయే పద్ధతిని తానం అంటారు. ఈ రెండింటి తేడాను మొదట గుర్తుంచుకోండి.

1. తానభాషలో ప్రశ్న

చైనాలో ప్రామాణిక భాష మాండరిన్‌లో నాలుగు తానాలున్నాయి. ‘మా’ అనే అక్షరాన్ని ఎత్తుగా, సమంగా పలికితే అమ్మ. స్వరం లేపితే జనపనార. తగ్గించి మళ్ళీ లేపితే గుర్రం. ఒక్కసారిగా దించితే తిట్టడం.

మరి ప్రశ్న ఎలా అడుగుతారు? ‘థా లాయ్ ల’ అంటే ‘అతను వచ్చాడు’. దాని చివర తేలికగా పలికే మరో ‘మా’ చేర్చితే ‘అతను వచ్చాడా?’ అవుతుంది. మన తెలుగులో ‘ఆ’ చేసే పనినే అక్కడ ఈ ‘మా’ చేస్తుందని గమనించండి. ఈ ‘మా’ లేకుండా స్వరంతోనే అడగడం కూడా ఉంది. అప్పుడు వాక్యమంతటి స్వరస్థాయి పెరుగుతుంది కాని, మాటల తానాలు చెరిగిపోవు. దిగే తానం ఉన్న మాట చివర వస్తే, ప్రశ్నలో కూడా అది దిగుతూనే వినిపిస్తుంది.

ఈ సంగతిని శాస్త్రీయంగా వివరించినవాడు చావ్ యువెన్‌రెన్ (1892–1982). గణితం చదివి, హార్వర్డ్‌లో డాక్టరేటు పొంది, తరువాత భాషాశాస్త్రంలో స్థిరపడిన పండితుడు. 1930లో తానాలను ఐదు మెట్లతో కొలిచి రాసే పద్ధతిని ప్రతిపాదించాడు. 1933లో తానానికీ కాకుస్వరానికీ గల సంబంధంపై వ్యాసం రాశాడు. పెద్ద అల మీద చిన్న అలలు సాగినట్టు, వాక్య స్వరం మీద మాటల తానాలు సాగుతాయన్నది ఆయన ఇచ్చిన ప్రసిద్ధ పోలిక.

2. చెవి కంటే ముందు కన్ను

చైనాలో ఇంగ్లీషు మొదట వ్యాపారం ద్వారా వచ్చింది. కాంటన్ రేవులో 18వ శతాబ్దంలో ఒక మిశ్రమ ఇంగ్లీషు ఏర్పడింది. 19వ శతాబ్దపు చిన్న పదసంచయాలలో ఇంగ్లీషు మాటల ఉచ్చారణను చైనా లిపిలోనే రాసేవారు. ఆ లిపిలో ప్రతి అక్షరానికీ సొంత తానం ఉంటుంది. కాబట్టి మాట ఎలా పలకాలో కొంతవరకు తెలిసినా, వాక్యం ఎలా లేచి దిగాలో ఆ పుస్తకం చెప్పలేదు.

1862లో బీజింగ్‌లో థోంగ్‌వెన్ గ్వాన్ అనే ప్రభుత్వ భాషా పాఠశాల వెలసింది. అనువాదకులను తయారు చేయడం దాని ముఖ్యోద్దేశం. 1950లలో రష్యన్ భాషకు ప్రాధాన్యం లభించి ఇంగ్లీషు వెనుకబడింది. 1977లో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షను పునరుద్ధరించారు. ఆ తరువాత ఇంగ్లీషు చదువు విస్తరించింది. కాని రాత పరీక్షలో వ్యాకరణానికి మార్కులున్నట్టు స్వరానికి ఉండవు. 1982లో చైనా టెలివిజన్ ‘ఫాలో మీ’ అనే బీబీసీ పాఠాలను ప్రసారం చేసింది. ఇంగ్లీషు సంభాషణను ఎందరో ఇంట్లో కూర్చుని విన్నారు.

3. విద్యార్థి ఎదుర్కొనే చిక్కు

ఈ నేపథ్యంతో మొదటి ఉదాహరణను మళ్ళీ చూడండి. మాండరిన్ విద్యార్థికి స్వరం కొత్త కాదు. అతని భాషలో స్వరం ప్రధానంగా మాటకు కట్టుబడి ఉంటుంది. ఇంగ్లీషులో వాక్యానికి కట్టుబడి ఉంటుంది. అందువల్ల ఒక్కొక్క మాటకు ఒక్కొక్క స్వరం ఇచ్చి పలికే ధోరణి అతనిలో కనిపించవచ్చు. ప్రశ్నార్థకాన్ని సహాయక క్రియ ముందే సూచించింది కదా అని చివర స్వరం దించవచ్చు.

‘ప్రశ్న అంటే స్వరం లేవాలి’ అనే తరగతిగది సూత్రం మరో చిక్కు తెస్తుంది. ‘వేర్ డు యు లివ్?’ వంటి ప్రశ్నలలో ఇంగ్లీషువారు సాధారణంగా స్వరం దించుతారు. సూత్రాన్ని నమ్మిన విద్యార్థి అక్కడ కూడా లేపుతాడు. పైగా అవును, కాదు అనే జవాబు కోరే ప్రశ్నలను ఇంగ్లీషు మాతృభాషగా గలవారు కూడా సందర్భాన్ని బట్టి దించి పలుకుతారు. అందుచేత సూత్రం కంఠస్థం చేయడం కంటే సందర్భంతో పాటు వినడం మేలు.

సారాంశం

దిగిన స్వరం అమర్యాదకు గుర్తు కాదు. దాని వెనుక మాతృభాష నిర్మాణం ఉంది. చెవి కంటే కంటికి ఎక్కువ పని చెప్పిన చదువు చరిత్ర ఉంది. ‘ఆ’తో ప్రశ్న అడిగే మనం కూడా ఇంగ్లీషులో ఇటువంటి తీర్పుకు గురి కావచ్చు. కాబట్టి ఎదుటివారి స్వరాన్ని బట్టి వారి గుణాన్ని నిర్ణయించే ముందు, వారు ఏమి అడుగుతున్నారో వినండి.

స్వయం పరిశీలన: ‘నువ్వు వస్తున్నావా?’, ‘నువ్వు ఎక్కడ ఉంటావు?’ అనే రెండు ప్రశ్నలను పైకి పలకండి. మీ స్వరం ఎక్కడ లేచింది, ఎక్కడ దిగింది? తరువాత అవే ప్రశ్నలను ఇంగ్లీషులో అడిగి పోల్చి చూడండి.